మడక పట్టినోడి పేరు ఏ దస్త్రంలో ఉంది?



రొళ్ల మండలంలోని మా వాడ నుంచి నలుగురం కలిసి ఒక ఆఫీసుకు పోయినాం. ఏ ఆఫీసో, ఏ సారో ఇక్కడ రాయం. ఒక సారును తిట్టుకుంటే తీరిపోయే సంగతి కాదిది. కొండ కింద మాకు మూడెకరాల చేను ఉంది. తాతల నాటి నుంచి దున్నుకుంటున్నాం. ఇది మాదని ఇంతవరకూ ఎవరూ గట్టు మీదికి వచ్చింది లేదు. దానికి పట్టా ఇమ్మని అర్జీ పట్టుకుని పోయినాం. బల్ల వెనకాల ఉన్నాయన అర్జీ చదివి అడిగినాడు:

"తాతల కాలం నుంచి అని రాసినారు. ఏ తాత? ఆయన పేరున కాగితం యాడుంది?"

"మా తాతకు తాత సార్. బీడు కొట్టి చేను చేసినాడు. ధాత కరువు తీరినాక బావి తవ్వినాడు. ఆ బావి ఇప్పటికీ ఉంది, వచ్చి చూడండి."

"బావి సాక్ష్యం చెప్పదప్పా. కాగితం తెండి."

బయటికొచ్చి చెట్టు కింద కూర్చున్నాం. మాలో పెద్దాయన "పోనీలే, మనకు రాసిపెట్టి లేదు" అన్నాడు. చదువుకున్న పిల్లోడు ఊరుకోలేదు. "రాసిపెట్టి లేదు సరే. రాసినోడెవరు? ఎందుకు రాయలేదు?" అన్నాడు. ఆ మాట మమ్మల్ని నిద్రపోనీలేదు. కూలి లేని దినాల్లో తిరిగినాం, ముసలోళ్లను అడిగినాం, నకళ్లకు అర్జీలు పెట్టినాం. మా తాత కోసం వెతకబోతే, మా తాతను దాచినోళ్లు దొరికినారు. అదే మీ ముందు పెడుతున్నాం.

మా తాత పేరు కూడా ఇక్కడ రాయడం లేదు. హనుమడు, నరసడు, ఓబుడు, మారెప్ప – ప్రతి మాదిగవాడలోను, ప్రతి మాలవాడలోను ఆ పేర్లతో ఒక తాత ఉంటాడు. మీ తాత పేరు అక్కడ పెట్టుకుని చదువుకోండి. లెక్క తప్పదు.

ముందు నోరు చెప్పింది

మడకశిర తాలూకా చుట్టూ చాలా వరకు పాత మైసూరు సీమ. తెలుగూ కన్నడమూ కలగలిపి మాట్లాడే ఊళ్లు మావి. తాతను అజ్జ అంటాం, అవ్వను అజ్జి అంటాం. మా వాడలో ఎనభై దాటిన ఒక అజ్జి దగ్గర కూర్చుంటే ఒక్క సాయంత్రంలో ఇంత చెప్పింది:

"ధాత కరువు నాటికి మీ తాత తాతకు మీసం మొలకేస్తా ఉండె. కరువులో అమ్మా నాయనా ఇద్దురూ పోయిరి. ఒక్కడే మిగిలె. వాన పడినాంక రెడ్డి దగ్గర జీతముండి, రేత్రిపూట కొండ కింద బీడు కొట్టె. రాళ్లు ఏరి కట్ట పోసె. బావి తవ్వె. ఆ బావికి కపిల బాన కూడా ఆయప్పే కుట్టుకునె."

చదువు రాని మనిషి చెప్పిన మాట కదా అని తోసేయకండి. లెక్క వేసి చూడండి. ధాత అనేది సంవత్సరం పేరు. అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది. 1876 ఉగాదికి వచ్చింది, 1936లో వచ్చింది, 1996లో వచ్చింది. 1936 నాటికి మా తాత కొడుకులకే పిల్లలున్నారు. కాబట్టి అజ్జి చెప్పింది 1876 నాటి ధాతే. అప్పటికి మీసం మొలకేసే పిల్లోడంటే పదిహేడు, పద్దెనిమిదేళ్లు. అంటే 1858, 59 ప్రాంతంలో పుట్టినాడు. తరానికి ఇరవై అయిదు, ఇరవై ఆరేళ్ల చొప్పున మా నుంచి వెనక్కి లెక్కపెట్టినా నాలుగు తరాలకు ఆడికే పోయి తగులుతుంది.

కాలం తెలిసింది. చోటు తెలిసింది. ఏ పని చేసినాడో, ఏ బావి తవ్వినాడో తెలిసింది. ఒక కప్పు టీ నీళ్లతో, ఒక సాయంత్రంతో. ఇక కాగితాల దగ్గరికి పోదాం. దొరల దస్త్రం రెండు వందల ఏళ్లలో మా తాత గురించి ఏం రాసుకుందో చూద్దాం.

దస్త్రం చూసింది ఎవరిని?

తెల్లోడు వచ్చిన తొలినాళ్లలో కాలిన్ మెకంజీ అనే దొర ఊరూరి చరిత్రలు రాయించినాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య అనే అన్నదమ్ములు ఆయనకు పండితులు. వాటినే కైఫీయతులంటారు. ఊళ్లో చెప్పింది కరణం. మరి కరణం ఎవర్ని చెప్తాడు? పాలెగారిని చెప్పినాడు. గుడి చెప్పినాడు. ఆ గుడికి ఎన్ని గుంటల మాన్యమో చెప్పినాడు. కోట కట్టించిన నాయకుడి పేరుంటుంది. మా మండలంలోని రత్నగిరి కొండ ఎక్కి చూడండి, కోట రాళ్లున్నాయి. ఆ రాయి మోసినోడి పేరు ఏ కైఫీయతులో ఉంది?

1800లో నిజాం మా సీమను కంపెనీకి వదిలేసినాడు. దత్తమండలాలన్నారు. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా ఉండి పొలాలు కొలిపించినాడు. నడుమ జమీందారు లేకుండా రైతుతోనే నేరుగా సర్కారు లెక్క చూసుకునే రైత్వారీ పద్ధతిని మా సీమలో పెట్టినాడు. ఈ రోజుకీ రాయలసీమలో మన్రోను మెచ్చుకునేవాళ్లున్నారు. మేము ఒక్క మాట అడుగుతాం. రైతు అని మన్రో దస్త్రం ఎవర్ని అనింది? శిస్తు కట్టేవాణ్ని అనింది. మడక పట్టేవాణ్ని అనలేదు. మడక పట్టిన జీతగాడు శిస్తు కట్టలేదు కాబట్టి సర్కారు కంటికి ఆనలేదు. మడకశిర అనే పేరులోనే మడక వినపడుతుంది. మడక పట్టినోడు మాత్రం తాలూకా దస్త్రంలో వినపడడు.

1858లో ఇనాం కమిషను పెట్టినారు. మా తాత పుట్టిన కాలమే అది. ఏ మాన్యం ఎవరిచ్చినారు, ఎవరికిచ్చినారు, ఇప్పుడెవరు అనుభవిస్తున్నారు అని ఇరవై పైచిలుకు గళ్లతో రిజిస్టరు రాసినారు. ఆ రిజిస్టర్లలో మన వాళ్లు కనపడతారు. తోటి, తలారి, వెట్టి, నీరుగంటి అని కనపడతారు. సంబరపడకండి. మనిషిగా కాదు, ఊడిగంగా కనపడతారు. మాన్యం ఇచ్చింది ఎందుకు? పగలూ రాత్రీ ఊరి పని చేసినందుకు. చచ్చిన గొడ్డును ఈడ్చినందుకు, చావు కబురు మోసినందుకు, వచ్చిన అధికారి మూట ఎత్తినందుకు. ఎకరా రెండెకరాల కంపచేను ఇచ్చి తరతరాల చాకిరీ రాయించుకున్నారు. బొంబాయి సీమలో మహార్ల వతన్లు ఇట్లాంటివే. ఆ వతన్ల పద్ధతి మార్చాలని 1928లో బొంబాయి కౌన్సిలులో బాబాసాహెబ్ అంబేద్కర్ బిల్లు పెట్టినాడు. మాన్యం పేరుతో మెడకు తాడు వేసినారని ఆయన ముందే కనిపెట్టినాడు. ఇక్కడ 1956 ఇనాం రద్దు చట్టం వచ్చేనాటికి చాలా ఊళ్లలో తోటి మాన్యం పేరు మాత్రమే తోటిది. దున్నేది అప్పు ఇచ్చిన రెడ్డి.

ముక్కు కొలిచినారు, చేను కొలవలేదు

1871లో జనాభా లెక్క తీసినారు. 1881లో మళ్లీ తీసినారు. ఆ రెండు లెక్కల నడుమ ధాత కరువు పడింది. తర్వాత అనంతపురం జిల్లా అయిన తాలూకాల్లో 1871లో 7 లక్షల 41 వేల మంది. 1881లో 6 లక్షల మంది. పెరగాల్సిన జనం అయిదో వంతు తరిగిపోయినారు. మా తాత అమ్మానాయనలు ఆ తరుగులో ఉన్నారు. పేర్లు లేవు. తల లెక్క ఉంది, తల ఎవరిదో లేదు.

కరువు పనుల్లో రోడ్లు కొట్టినోళ్లు, చెరువు కట్టలు మోసినోళ్లు ఎవరో చెప్పనక్కర్లేదు. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ వచ్చి కూలికి కొత్త లెక్క కట్టినాడు. మగ కూలికి దినానికి ఒక పౌను ధాన్యం, ఒక అణా. పౌనంటే అరకిలో కూడా కాదు. ఆ ఒక్క పౌను మిగిలించిన ఖర్చు ఎంతో సర్కారు లెక్కల్లో పైసలతో సహా ఉంది. ఆ పౌను తిని చచ్చినోడి పేరు లేదు.

1909లో మద్రాసు మ్యూజియం పెద్ద ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద ఏడు సంపుటాలు అచ్చేయించినాడు. కొలికి పట్టుకుని జనం ముక్కులు కొలిచిన దొర ఆయన. ముక్కు వెడల్పు ఎంత, పొడుగు ఎంత అని పట్టికలు వేసినాడు. పరాయిదేశపు పుస్తకాల బీరువాల్లో ఈ రోజుకీ మన ముక్కులున్నాయి. మన చేలు లేవు. ముక్కు కొలిచిన సర్కారుకే గొలుసుంది, కొలతబద్ద ఉంది. మాదిగోడు కొట్టిన బీడును మాదిగోడి పేరున కొలవడానికి చేతులు రాలేదు.

చుక్కలు

పందొమ్మిదో శతాబ్దం ఆఖరు దశకాల్లో సర్వే, సెటిల్‌మెంటు జరిగినాయి. ప్రతి చేనుకూ నంబరు వచ్చింది. తర్వాత రీసెటిల్‌మెంటు రిజిస్టరు వచ్చింది. ఆర్ఎస్ఆర్ అంటే అదే. ఇప్పటికీ ఆఫీసుల్లో దాన్నే తల్లి రికార్డు అంటారు. ఏ తగాదా వచ్చినా దాన్నే తెరుస్తారు.

మేము నకలు తెచ్చుకుని చూసినాం. కొండ కింద మా చేను నంబరు ఉంది. విస్తీర్ణం ఉంది. పట్టాదారు పేరు రాయాల్సిన గడిలో చుక్కలున్నాయి. అంతే. పేరు లేదు, సర్కారు అని లేదు, బీడు అని లేదు. చుక్కలు.

బావి తవ్వి, కట్ట పోసి, రాగులు కోసుకున్న మనిషి ఆ చుక్కల కింద ఉన్నాడు.

ఇది మా ఒక్క నంబరు సంగతి కాదు. రాష్ట్రమంతా లక్షల ఎకరాలు చుక్కల భూములే. వాటికోసం 2017లో ప్రత్యేకంగా చట్టం చేయాల్సి వచ్చింది. పన్నెండేళ్లకు పైగా అనుభవంలో ఉన్నోళ్లు కాగితం ఆధారాలు చూపించి పేరు ఎక్కించుకోవచ్చన్నారు. మళ్లీ కాగితమే! కాగితం రాయకపోవడం తప్పు అని ఒప్పుకుని చట్టం చేసినారు. ఆ తప్పు దిద్దుకోవడానికి కాగితం తెమ్మంటున్నారు. 2023లో రెండు లక్షల ఎకరాల పైచిలుకు చుక్కల భూముల్ని నిషేధ జాబితా నుంచి తీసేస్తున్నామని అప్పటి ప్రభుత్వం ప్రకటించింది. ఎకరాల లెక్క చెప్పినారు. ఆ ఎకరాల్లో వాడ పేరున ఎన్ని, ఊరి పేరున ఎన్ని అని మేము అడుగుతున్నాం.

ఇంకొక తమాషా చూడండి. మన తాతలు సర్కారు దస్త్రంలో అసలు లేరనుకోకండి. ఒక చోట ఖాయంగా ఉంటారు. 1905లో మద్రాసు సర్కారు భూ ఆక్రమణ చట్టం చేసింది. పట్టా లేకుండా సర్కారు నేల దున్నితే శివాయిజమా అని రాసి, జుల్మానా వేసి, బి-మెమో ఇచ్చేవాళ్లు. మా వాడలో ఒక ఇంట ట్రంకుపెట్టె అడుగున మడతలు చిరిగిన బి-మెమోలు దొరికినాయి. అందులో మా తాత కొడుకు పేరుంది, చేను నంబరుంది, కట్టిన జుల్మానా ఉంది. రైతుగా రాయలేదు, దొంగగా రాసినారు. సరే, ఆ దొంగ కాగితమే మాకిప్పుడు సాక్ష్యం. ఏడేడు జుల్మానా వసూలు చేసినోళ్లు, ఆ చేను మా చేతిలో లేదని ఎట్లా అంటారు?

సర్కారు భూమి పేదోడికి ఇయ్యొచ్చని వాళ్లకు తెలియదా? తెలుసు. 1891లో చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ అక్కడి పరయ కులస్థుల బతుకు మీద నివేదిక రాసినాడు. బంజరు అడిగితే ఊళ్లో భూమి ఉన్నోళ్లకే మొదటి హక్కు దక్కుతోంది, అంటరానోడు అడిగితే అడ్డుపడుతున్నారు అని చెప్పినాడు. దాని మీద 1892లో మద్రాసు సర్కారు ఉత్తర్వులిచ్చింది. తమిళ సీమలో వాటినే పంచమి భూములంటారు. ఈ రోజుకీ ఆ భూముల కోసం అక్కడి దళితులు పోరాడుతున్నారు. మనమూ ఆ మద్రాసు సర్కారు కిందే ఉన్నాం. చెంగల్పట్టులో జరిగింది మడకశిరలో జరగలేదా? జరిగింది. రాసే కలెక్టరు దొరకలేదు, అంతే.

ఊరు విడిచినోడికి పేరుంది

వెతుకులాటలో మా కడుపు మండించిన సంగతి ఇది. మన తాతల పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, తాలూకా, జిల్లా – అన్నీ పద్ధతిగా రాసిన సర్కారు దస్త్రం ఒకటుంది. ఒంటి మీద మచ్చ ఎక్కడుందో కూడా రాసినారు. అది కూలీల ఓడ దస్త్రం.

1860 అక్టోబరు 12న ట్రూరో అనే ఓడ మద్రాసు రేవు నుంచి కదిలింది. నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. చెరుకుతోటలకు ఒప్పంద కూలీలను మోసుకుపోయిన మొదటి ఓడ అది. 1911 వరకు అట్లా నేటాలుకు లక్షా యాభై రెండు వేల మంది పోయినారు. అందులో ఎక్కువ మంది మద్రాసు రేవులో ఎక్కినోళ్లే. చిత్తూరు వైపోళ్లు, విశాఖపట్నం వైపోళ్లు తెలుగోళ్లు చాలామంది. మారిషస్‌కు అంతకుముందు నుంచే పోయినారు. ఫిజీకి 1903 నుంచి మద్రాసు ఓడలు పోయినాయి. ఈ రోజు డర్బన్‌లో ఉన్న ముని మనవడు ఆ పట్టీలు తీయించి, మా తాత ఫలానా తాలూకా, ఫలానా ఊరు అని వేలు పెట్టి చూపగలడు. మారిషస్‌లో మోకా అనే చోట ఆ దస్త్రాలను భద్రంగా పెట్టుకున్నారు. ఆ దేశం నుంచి ఊరు వెతుక్కుంటూ వచ్చి, మట్టి మూటగట్టుకుని పోతున్నారు.

ఊళ్లోనే ఉండి, ఆ మట్టినే దున్నినోడి మనవడికి కాగితం లేదు!

ఎందుకో తెలుసా? ఓడ ఎక్కినోడు తోట యజమానికి సరుకు. సరుకు తప్పిపోతే పట్టుకోవాలి. అందుకే మచ్చలతో సహా రాసినారు. ఊళ్లో ఉన్నోడు యాడికి పోతాడు? దొర కొట్టంలోనే కదా పడుంటాడు! రాయాల్సిన పని లేదు. రాస్తే మూడెకరాలు ఇయ్యాల్సి వస్తుంది. సర్కారుకు రాయడం రాక కాదు. పట్టుకోవాలంటే రాస్తుంది, ఇయ్యాలంటే మరిచిపోతుంది.

రాసిన చోటు ఇంకొకటి చెప్పాలి. అదే ధాత కరువులో ఒంగోలు వైపు బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని క్లౌ దొర గుత్తకు పట్టి మాదిగలకు కూలి ఇప్పించినాడు. అంతకు ముందే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద ఊరూరా నడిచి బోధ చేసినాడు. 1878 జులైలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క దినంలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఏ మతం మంచిదని ఇక్కడ తగాదా పెట్టుకోం. మా మాట ఒక్కటే. మాదిగోణ్ని పేరు పెట్టి పిలిచి పుస్తకంలో రాసుకున్న చోటికి మాదిగోడు పోయినాడు. ఊరి పుస్తకంలో చోటిచ్చి ఉంటే ఏటి ఒడ్డున అంతమంది ఎందుకు నిలబడతారు?

మన పేరు ఎన్నిసార్లు మార్చినారు

పేరు దొరికినా చిక్కు తీరదు. కరణం కలానికి రెడ్డి ఎప్పుడూ రెడ్డిగారే. మనోడు ఎప్పుడూ "గాడే". తొంబై ఏళ్ల ముసలోడైనా మాదిగ ఓబిగాడే. ఇంటిపేరు రాయడు. తండ్రి పేరు రాయడు. ఒకే వాడలో నలుగురు ఓబిగాళ్లుంటే ఏ ఓబిగాడిదో ఆ చేను?

కులం పేరూ అంతే. ఒక దస్త్రంలో మాదిగ, మాల. ఇంకొక దస్త్రంలో పంచముడు. 1917లో బెజవాడ సభలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షుడిగా కూర్చుని, మేము పంచములం కాదు, ఈ నేలకు మొదటివాళ్లం, ఆది ఆంధ్రులం అని చెప్పినాడు. 1922లో మద్రాసు సర్కారు ఆ పేరు ఒప్పుకుంది. 1936 నుంచి షెడ్యూల్డు కులాలన్నారు. ఒకే ఇంట్లో తాత పంచముడు, కొడుకు ఆది ఆంధ్ర, మనవడు ఎస్సీ. ఆఫీసులో ఏమంటారు? "ఇందులో ఒక కులం, అందులో ఒక కులం ఉంది. ఇద్దురూ ఒకే ఇంటోళ్లని గ్యారంటీ ఏమి?" అంటారు. పేర్లు మార్చింది వాళ్లే, పేర్లు కలవలేదని తోసేసేదీ వాళ్లే.

మన తప్పు కూడా చెప్పుకుందాం

దొరల్ని అడిగినాం. మనల్ని మనం కూడా అడుక్కోవాలి. అజ్జి చెప్పిన వంశమంతా రాసుకున్నాక చూస్తే నాలుగు తరాల మగోళ్ల పేర్లున్నాయి. మా తాత తాత పెండ్లాం పేరేమి? అజ్జికే తెలియదు. "ఆయమ్మ పేరెవరు పిలిచినారు? ఫలానోడి పెండ్లాం అనేటోళ్లు" అనింది. ఆ బావిలో మట్టి మోసింది ఎవరు? కలుపు తీసింది, రాళ్లు ఏరింది, రాగులు విసిరింది ఎవరు? దొర దస్త్రం మన తాతను చుక్క చేసింది. మన నోరు మన అవ్వను చుక్క చేసింది.

ఇంకొకటి. మా సీమలో ఆడపిల్లను బసివిగా విడిచే దురాచారం ఉండేది. 1988లో మన రాష్ట్రం చట్టం చేసి నిషేధించింది. కొడుకులు లేని ఇంట బసివి కూతురే ఇంటిని నిలబెట్టింది. ఆమె పిల్లలు ఆమె ఇంటిపేరే పెట్టుకున్నారు. అట్లా ఒక తరం అవ్వ మీదుగా నడిచిన ఇళ్లు మన వాడల్లో ఉన్నాయి. ఆ ఇళ్లోళ్లు సిగ్గుతో ఆ తరం మింగేస్తారు. తండ్రి పేరు గడి ఖాళీగా ఉందని ఆఫీసోళ్లు చేను హక్కు మింగేస్తారు. సిగ్గు పడాల్సింది ఆ అవ్వ కాదు. ఆమెను విడిపించి అనుభవించిన ఊరు. ఇక ముందు వంశం రాసేటప్పుడు అవ్వ పేరుతోనే మొదలు పెడదాం.

వాళ్లంటారు, మనమంటాం

"మీరు కూలోళ్లు, రైతులు ఎప్పుడయినారు?" అంటారు. కపిల బాన కుట్టింది ఎవరు? మోకు తోలు పదును పెట్టింది ఎవరు? ఏ గుంటలో నీరు పడుతుందో, ఏ చెక్కలో ఉలవ పండుతుందో చెప్పింది ఎవరు? సేద్యం తెలిసినోడు రైతా, శిస్తు రసీదు ఉన్నోడు రైతా?

"నోటిమాటకు విలువేమి?" అంటారు. కరణం రాసింది మాత్రం ఏమి? పక్కింటోడు చెప్పిన నోటిమాట కాదా? ఆయన చెవికి వినపడింది రాసినాడు. ఆయన చెవి వాడ దాకా రాలేదు. 1984 జనవరిలో కరణం, మునసబు పదవులు రద్దయినాయి. దస్త్రాలన్నీ ఆఫీసుకు చేరినాయా? చాలా ఊళ్లలో కొన్ని కట్టలు అటకల మీదే ఉండిపోయినాయి. ఆ అటకల్ని అడగరు. మా పూరిపాకల్ని అడుగుతారు.

"పాత సంగతులెందుకు, ఇప్పుడు పట్టా వస్తే చాలు కదా" అని మనోళ్లలోనే కొందరంటారు. పట్టా కావాలి. ఎవరూ కాదనరు. కానీ దయతో ఇచ్చిన పట్టాను దయ తప్పినప్పుడు తీసేసుకుంటారు. మా తాత కొట్టిన బీడు ఇది అని నిలబడి తీసుకున్న పట్టా వేరు. 2020 డిసెంబరులో రాష్ట్రంలో రీసర్వే మొదలైంది. నూట పాతికేళ్ల తర్వాత మళ్లీ గొలుసు తిరిగింది. ఇప్పుడు రాయించుకోకపోతే మన మనవళ్లు మన చుక్కల కోసం వెతుక్కుంటారు.

ఏం చేయాలి

ప్రతి వాడలో ఇద్దరు చదువుకున్న పిల్లలు, ఒకరు ఆడపిల్ల కావాలి, నోటుబుక్కు పట్టుకుని ముసలోళ్ల దగ్గర కూర్చోండి. ఈ ఏడే కూర్చోండి. ఒక అజ్జి పోతే ఒక ఆఫీసు కాలిపోయినట్టే. ఏ కరువు నాడు ఎవరెంత పిల్లోడు, ఏ ఏటి వానకు ఏ కట్ట తెగింది, ఏ చేనుకు ఏ పేరు – అన్నీ రాయండి. సంవత్సరం పేరు చెప్తే అరవయ్యేసి లెక్క వేసుకోండి. చేని పేర్లు మరవకండి. "తోటోళ్ల చెక్క", "మాదిగోళ్ల బావి" అని ఊరంతా పిలిచే పేరు కూడా సాక్ష్యమే. సమాధుల గుట్ట యాడుందో పటం వేసుకోండి.

తర్వాత సమాచార హక్కు చట్టం, 2005 కింద అర్జీ పెట్టండి. ఒక్కో నంబరుకు ఆర్ఎస్ఆర్ నకలు, ఇనాం రిజిస్టరు నకలు, ఎఫ్ఎంబీ పటం, పాత అడంగల్లు, బి-మెమో రిజిస్టరు అడగండి. ముప్పై దినాల్లో జవాబు ఇయ్యాలి. పేదరిక రేఖ దిగువ ఉన్నోళ్లు రుసుము కట్టనక్కర్లేదు. బడి అడ్మిషన్ రిజిస్టరు, జనన మరణాల రిజిస్టరు కూడా విడవద్దు. మద్రాసు సర్కారు నాటి పెద్ద దస్త్రాలు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అందరం పోలేం. నాలుగు మండలాలు కలిసి ఒకర్ని పంపుకోవచ్చు. అసలు కాగితం ఎవరి చేతికీ ఇయ్యకండి. జిరాక్సు ఇయ్యండి, ముట్టినట్టు సంతకం తీసుకోండి.

మా డిమాండ్లు ఇవి. చుక్కలు పెట్టింది సర్కారు కాబట్టి ఆ చుక్క ఎవరిదో రుజువు చేయాల్సింది సర్కారే, దున్నేవాడు కాదు. ఊరి ఆర్ఎస్ఆర్ నకలు పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. సర్వే గ్రామసభ ఊళ్లోనే కాదు, వాడలోనూ పెట్టాలి. ముసలోళ్ల నోటిమాటను పంచనామాగా రాసుకోవాలి. బి-మెమోను అనుభవానికి రుజువుగా ఒప్పుకోవాలి. పట్టా మీద ఆలు పేరు, మగని పేరు రెండూ ఉండాలి.

మా అర్జీ ఇంకా ఆ ఆఫీసులోనే ఉంది. మళ్లీ పోతాం. ఈసారి నలుగురం పోం, వాడంతా పోతాం. చేతిలో బి-మెమో ఉంటుంది, ఆర్ఎస్ఆర్ నకలు ఉంటుంది, వంశం రాసిన నోటుబుక్కు ఉంటుంది. అజ్జిని కుర్చీలో కూర్చోబెట్టి ముందు పెట్టుకుని పోతాం. "ఏ తాత?" అని అడిగితే ఆమె చెప్తుంది. రాసుకోవాల్సింది వాళ్లు.

బావి సాక్ష్యం చెప్పదన్నారు. బావిలో ఇప్పటికీ నీళ్లున్నాయి. వేసవిలో ఆ నీళ్లకు బిందెలు తెచ్చుకునేది ఊరు కూడా. ఆ బావి ఎవరు తవ్వినారో తాగేటోళ్లకు తెలుసు. తెలిసీ చెప్పనోళ్లను కూడా అడుగుదాం.

జై భీం!